విగ్రహము దేనిని చూచుచున్నది?

ఊరిలో కొత్తగా ఒక విగ్రహము లేచినదని వినగానే మనము అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. ఎవరిది? ఎన్ని అడుగులు? ఎంత వ్యయమైనది? ఎవరు ఆవిష్కరించిరి? వీనికి సమాధానములు దిమ్మెపై నతికించిన పాలరాతి పలకమీదనే దొరకును. ఆ పలకమీద ఎన్నడును కానరాని ప్రశ్న మరియొకటి మిగిలియున్నది. ఆ విగ్రహము దేనిని చూచుచున్నది? దాని వెనుక నేమున్నది? దానిని చూడవచ్చినవాడు ఎక్కడ నిలువవలెను? దేవతామూర్తిని మలచిన శిల్పి కట్టకడపట కన్ను తెరచునని మన సంప్రదాయము. తెరచిన కన్ను ఎదుట ఏదో ఒకటి ఉండవలెను గదా! ఆరుబయట నిలుపు శిల్పమునకు సగము రూపము శిల్పి ఇచ్చును. తక్కిన సగమును అది నిలిచిన చోటు ఇచ్చును. ఈ రెండవ సగమును మనము మరచిపోవుచున్నామని నా అభిప్రాయము.

గర్భాలయములోని మూర్తికి చుట్టుపట్లను నిర్మాతయే సిద్ధము చేసియుంచును. చీకటి ఎంత, దీపమెక్కడ, వాకిలి వెడల్పెంత, భక్తుడెంత దూరమున నిలుచును అనునవి ముందే నిర్ణయమైనవి. మ్యూజియములోని శిల్పమునకు తెల్లని గోడయు, విద్యుద్దీపమును తోడు. ఆరుబయలి శిల్పమున కట్టి రక్షణ లేదు. ఎండ, వాన, దుమ్ము, చెట్టు, మేడ, బాట, సంత ఇవన్నియు దాని ఇరుగుపొరుగులు. తూర్పుముఖముగా నిలిపిన విగ్రహము ప్రొద్దుట వెలిగి, సాయంకాలమునకు వెనుకనున్న వెలుగులో నల్లని ఆకారమగును. రేపల్లె 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు దగ్గరగా నున్నది. ఇచ్చట మధ్యాహ్నసూర్యుడు మే మొదటివారము నుండి ఆగస్టు మొదటివారము వరకు మాత్రమే ఉత్తరమునకు జరిగియుండును. కావున ఉత్తరముఖముగా నిలిపిన విగ్రహమునకు సంవత్సరములో అధికభాగము మొగము నీడలోనే గడచును. మన భూగోళపాఠములోని ఈ చిన్న విషయమును విగ్రహప్రతిష్ఠాపన సంఘములలో ఎందరు తలంచుచున్నారు?

ఎత్తు సంగతియు నిట్టిదే. ఒక వస్తువును తల త్రిప్పకుండ, మెడ నిక్కింపకుండ, పూర్తిగా చూడవలెనన్నచో దాని ఎత్తునకు రమారమి రెండింతల దూరమున నిలువవలెను. దిమ్మెతో కూడ ఇరువది అడుగులున్న విగ్రహమునకు నలువది అడుగుల ఖాళీనేల కావలెను. మన కూడళ్లలో ఆ నలువది అడుగులలో బస్సులు తిరుగుచుండును. చూచువాడు విగ్రహము పాదములను, గడ్డమును మాత్రమే చూచి పోవును.

ఇక రేపల్లె సీమ నేలను చూడుడు. తెనాలినుండి వచ్చు రైలుబాట ఇచ్చట ముగియును. అటుపై కృష్ణ, లంకలు, ఉప్పునేలలు, సముద్రము. ఈ చదునులో తాటిచెట్టొకటి ఎంతో దూరమునకు కనబడును. ఆలయగోపురము బాటసారికి గుర్తగును. కొండలనడుమ నూరడుగుల శిల్పము చిన్నదిగా తోచవచ్చును. వరిచేల నడుమ పదునైదడుగుల శిల్పమే కొండవలె తోచును. కావున ఈ నేలకు ఎత్తుల పోటీ అక్కరలేదు. తగిన చోటు, తగిన ఎదురు, తగిన వెనుక ఉన్నచో చిన్న శిల్పమే ఇచ్చట పెద్ద మాట చెప్పగలదు.

మన పూర్వులు ఈ రహస్యము నెరుగుదురు. లేపాక్షి నందిని చూడుడు. ఇరువదియేడు అడుగుల పొడవు, పదునైదు అడుగుల ఎత్తు గల ఏకశిల అది. వీరభద్రాలయమునకు కొంత దూరమున ఆరుబయట మెడ యెత్తి కూర్చున్నది. ఏల అంత దూరమున? ఏల అట్లు మెడ యెత్తినది? ఆలయప్రాంగణములో ఏడుపడగల నాగలింగము కలదు. నంది చూపు ఆ వైపునకే. నడుమనున్న ఖాళీనేలయంతయు ఆ చూపుచే నిండియున్నది. ఆ నందిని పెకలించి మరియొక ఊరి కూడలిలో పెట్టినచో రాయి తగ్గదు, పనితనము తగ్గదు. కాని చూపునకు గమ్యము పోవును. అప్పుడది పెద్ద ఎద్దు మాత్రమే.

మహాబలిపురమున పల్లవశిల్పులు ఇంకను సాహసించిరి. రెండు మహాశిలల నడుమ ప్రకృతి చేసిన చీలిక నొకదానిని వారు లోపముగా తలంపలేదు. ఆ చీలికలోనే నాగులను చెక్కిరి. పైన నీటితొట్టి నమర్చిరి. నీరు విడిచినపుడు ఆ చీలిక గంగావతరణమగును. ఇరుప్రక్కల చెక్కిన మునులు, ఏనుగులు, దేవతలు ఆ నీటిని చూడవచ్చిన జనమగుదురు. చోటును మార్చుటకు బదులు చోటు చెప్పిన మాటను విని దానికి రూపమిచ్చుటలోనే వారి ప్రతిభ యున్నది.

ఇంత దూరము పోనక్కరలేదు. గుంటూరునుండి పొన్నూరునకు పోవు దారిలోని చేబ్రోలున చతుర్ముఖ బ్రహ్మదేవుని గుడి కోనేటి నడుమ నున్నది. అమరావతి ప్రభువైన వాసిరెడ్డి వేంకటాద్రినాయడు కట్టించినది. నాలుగు వైపులను మొగములు గల దేవునికి నాలుగు వైపులను నీరు. ఆ మూర్తికి వెనుక యనునది లేదు. కట్టినవాడు చోటునందును వెనుక లేకుండ చేసెను. రూపమునకును నెలవునకును ఇంతటి పొందిక ఈ సీమలోనే యున్నదని మన విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత మనది.

కృష్ణా డెల్టాలో శిల్పమును గూర్చి మాట్లాడునపుడు ఒక సత్యమును మరువరాదు. ఈ నేలలో రాయి లేదు. ఉండవల్లి గుహల కొండలు దాటినంతనే రాయి ముగిసి ఒండ్రుమట్టి మొదలగును. అచ్చటనుండి సముద్రము వరకు కనబడు ప్రతి శిలయు మరియొకచోటినుండి వచ్చినదే. పల్నాటి సున్నపురాయి అమరావతిలో శిల్పమై వికసించెను. భట్టిప్రోలు వరకును చలువరాయి చేరెను. రాయి పుట్టని నేలకు అంత దూరమునుండి తెచ్చి నిలిపిన శిల్పమును ఆనాటివారు ఎట్టి చోట నిలుపవలెనో ఎంతగా తలపోసియుందురు!

అమరావతి మహాచైత్యపు ప్రాకారమును తలచుకొనుడు. బయటినుండి వచ్చువానికి పద్మములు కనబడును. లోనికి ప్రవేశించి ప్రదక్షిణము చేయువానికి జాతకకథలు, బుద్ధచరితము కనబడును. ఆ శిల్పము నిలుచుండి చూచుటకు చెక్కినది కాదు. నడచుచు చదువుటకు చెక్కినది. చూచువాని అడుగులు, ఎడమనుండి కుడికి తిరుగు సూర్యుడు, కుడిచేతివైపున లేచిన అండము ఇవన్నియు ఆ శిల్పములో భాగములే. ఒక ఫలకమును విడదీసి గోడకు తగిలించినపుడు కథ మిగులును, నడక పోవును.

ఆ నడక ఎట్లు పోయినదో చెప్పుకొనుట బాధాకరమే గాని అవసరము. పదునెనిమిదవ శతాబ్దపు చివరిదినములలో వేంకటాద్రినాయడు అమరావతిలో కొత్త పట్టణము కట్టించుచుండగా పనివారు ఆ దిబ్బను ఇటుకలకొరకు, రాళ్లకొరకు త్రవ్విరి. చేబ్రోలున నీటినడుమ బ్రహ్మను నిలిపిన ప్రభువు కాలముననే ఇది జరిగెను. ఒక చోట కన్నున్నవారికి మరియొక చోట కన్ను లేకపోవుట మానవసహజము కాబోలును. కల్నల్ మెకంజీ 1816లో చిత్రకారులతో వచ్చి పటములు గీయించునాటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వియుండెను. తరువాత 1830 ప్రాంతమున కొన్ని ఫలకములు మచిలీపట్టణమునకు తరలినవి. ఏలయన, అచ్చట కొత్తగా వెలసిన రాబర్ట్‌సన్ పేటకు అలంకారము కావలసివచ్చినది! ప్రదక్షిణము చేయువారికొరకు చెక్కిన రాళ్లు అంగడికి వచ్చువారి నడుమ నిలిచినవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరి, 1859లో ఓడనెక్కి లండను పోయినవి. నేడు నూటికి పైగా అమరావతి శిల్పములు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. అచ్చట అవి భద్రముగా నున్నవనుట నిజము; అవి తమ నెలవులో లేవనుటయు నంతే నిజము.

రేపల్లెకు దాపుననే, తెనాలి రైలుబాట మీదనే యున్న భట్టిప్రోలు కథ ఇంకను చిన్నది, ఇంకను చేదైనది. క్రీస్తునకు పూర్వపు నాటి స్తూపమది. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు అక్షరములు చెక్కిన రాతిపేటికలు మూడు, వానిలో స్ఫటికపు భరిణెలు దొరకినవి. ఆ అక్షరములను బ్యూలరు పండితుడు చదివెను. దక్షిణాపథ లిపుల చరిత్రలో భట్టిప్రోలు లిపికి ప్రత్యేకస్థానము ఏర్పడెను. కాని అంతకు ముందే స్తూపపు ఇటుకలు బాటలు వేయుటకును, చలువరాళ్లు కాలువ కట్టడములకును పోయియుండెను. అన్నము పెట్టిన కాలువయే ఆ శిల్పమును మ్రింగినది. నేడచ్చట మిగిలినది పురావస్తుశాఖవారు కాపాడుచున్న ఇటుకల కట్టడము మాత్రమే. అమరావతి శిల్పములకు చోటు పోయినది. భట్టిప్రోలు చోటునకు శిల్పము పోయినది. ఈ రెండు వెలితులను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవానికి శిల్పమునకును నెలవునకును గల బంధమును వేరుగా బోధింప నక్కరలేదు.

తరలించుట ఎల్లప్పుడును తప్పని నేననను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినపుడు ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగుట నిశ్చయమైనది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నేతృత్వమున లోయనంతయు త్రవ్వి చూచిరి. ముఖ్యమైన కట్టడములను విప్పి, కొన్నిటిని కొండమీదను, కొన్నిటిని కుడిగట్టున అనుపులోను తిరిగి నిలిపిరి. అచ్చట రాయి ప్రక్క రాయి ఏ వరుసలో నుండెనో ఆ వరుసను పాటించిరి. లోయను కాపాడలేకపోయినను రాళ్ల పరస్పర సంబంధమును కాపాడిరి. పంటనీటికొరకు తప్పనిసరియైన తరలింపునకును, పేటసొగసుకొరకైన తరలింపునకును గల భేదము ఇదియే. మొదటిదానిలో చోటు పోవుచున్నదను ఎరుక యున్నది, రెండవదానిలో లేదు.

ఇవన్నియు ప్రాచీనశిల్పములు గదా, నేటి విగ్రహముల కివి ఎట్లు వర్తించునని కొందరనవచ్చును. ఆధునికశిల్పులు ఈ ప్రశ్నతో ఎంతగా పెనగులాడిరో రెండు ఉదాహరణములు చాలును. ఫ్రాన్సుదేశమున కాలే పట్టణమునకు రోదె మహాశిల్పి ఆరుగురు పౌరుల శిల్పమును చేసి యిచ్చెను. ఊరిని కాపాడుటకై శత్రురాజునకు తమ ప్రాణముల నర్పింప బయలుదేరినవారు వారు. వారిని పురజనుల నడుమ నేలమీదనే నిలుపవలెనని రోదె కోరిక. పట్టణమువారు 1895లో ఎత్తైన పీఠముపై నిలిపి చుట్టును కటకటాలు పెట్టిరి. రోదె మరణించిన పిదప, 1924లో, దానిని పురపాలకభవనము ముందునకు దించి తక్కువ ఎత్తున నిలిపిరి. కంచు అదియే, మొగములు అవియే. పీఠము దిగినంతనే వీరులు పొరుగువారైరి.

రుమేనియాలో తిర్గుజియు అను చిన్న ఊరు కలదు. మొదటి ప్రపంచయుద్ధమున ప్రాణములిచ్చినవారి స్మృతికై బ్రాంకుషి 1938లో అచ్చట మూడు శిల్పములను పూర్తిచేసెను. ఏటియొడ్డున రాతిబల్ల, తోటవాకిట రాతిద్వారము, ఊరి ఆవలి కొనను సుమారు ముప్పది మీటర్ల స్తంభము. మూడును ఒకే సరళరేఖపై నున్నవి. ఆ రేఖ ఊరినడుమనుండి పోవును. చూడవచ్చినవాడు ఊరివీథిలో నడచియే తీరవలెను. రేపల్లె, బాపట్ల వంటి చిన్న పట్టణములకు ఇందు ఒక పాఠమున్నది. గొప్ప శిల్పమునకు రాజధాని కావలెనను నియమము లేదు. ఊరి పటమును ముందు పెట్టుకొని ఆలోచించు మనస్సు కావలెను.

మన కండ్ల యెదుటనే మంచి నిదర్శనములున్నవి. మదరాసు సముద్రతీరమున 1959లో నిలిపిన దేవీప్రసాద రాయచౌధురి శ్రామికశిల్పమును తలచుకొనుడు. నలుగురు మనుష్యులు బండరాతిని పెకలించుచున్నారు. వెనుక ఆకాశమును, సముద్రమును. భారతదేశమున మొదటి మేడే జరిగినది 1923లో ఆ పట్టణపు సముద్రతీరముననే. ఇక హైదరాబాదు హుస్సేన్‌సాగరములోని ఏకశిలాబుద్ధుడు. 1990 మార్చి 10న నీట మునిగి, మనుష్యుల ప్రాణములను బలిగొని, 1992 డిసెంబరు 1న తిరిగి లేచినాడు. ఆ విగ్రహపు ప్రశాంతతలో సగము ఆ నీటిది. చుట్టుపట్ల రొదకును దానికిని నడుమ నీరే ప్రాకారము.

ఆ సాగరపు కట్టమీదనే 1986లో తెలుగు ప్రముఖుల విగ్రహములను ముప్పదికి పైగా వరుసగా నిలిపిరి. కట్టమీద నడచువానికి అవి ఒక్కొక్కటిగా ఎదురగును. ఆ ఏర్పాటు బాగున్నది. కాని 2011 మార్చి 10న ఉద్యమసందర్భమున వానిలో కొన్ని నేలగూలినవి. కళను పడగొట్టుట నేనెన్నడును సమర్థింపను. అయినను ఆ సంఘటన చెప్పిన మాటను వినవలెను. చుట్టుపట్లనగా చెట్లు, నీరు, మేడలు మాత్రమే కావు. అచ్చటి మనుష్యుల మనస్సులును చుట్టుపట్లలోనివే. ఇది మనదియే అను భావము చుట్టునున్నవారికి లేనప్పుడు కంచునకును బలము చాలదు.

ఈ మనస్సు సంగతి మన తెనాలి సీమకు బాగుగా తెలియును. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమమున తెనాలిలో పోలీసుకాల్పులకు ఏడుగురు బలియైరి. ఆ చోటు రణరంగ చౌకైనది. స్మారకమును అచ్చటనే నిలిపిరి. మరియొకచోట ఎంత అందమైన తోటలో నిలిపినను దానికి ఆ బరువు వచ్చియుండదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ నాశనమైన పిదప, ఆ సముద్రజలము ఎంతవరకు వచ్చెనో ఆ ఎల్లకు దాపున మృతుల స్మారకము నిలిపిరి. అది శిల్పమును, కొలబద్దయు కూడ. చుట్టునున్న పైరును చూచి, సముద్రమెంత దూరమో తలచి, ఇంతవరకు వచ్చెనా యని గుండె ఝల్లుమనును. అంకెలు చెప్పలేని మాటను చోటు చెప్పును.

ఇంకొక మాటయు చెప్పక తప్పదు. విగ్రహములను కూడళ్లలో కాక తోటలలోను, ఖాళీస్థలములలోను నిలుపుడని సలహా చెప్పుట సుఖజీవులకు సులభము. ఊరినడుమ చోటే లేక తరతరములు ఊరివెలుపల బ్రదికినవారికి ఆ సలహా ఎట్లు వినబడును? పల్లెలలో అంబేద్కరు విగ్రహము ఊరినడుమ నిలువవలెనా, పేటలోనే నిలువవలెనా అను వివాదములు అనేకచోట్ల చెలరేగుచున్నవి. అవి కేవలము స్థలవివాదములు కావు. ఆ విగ్రహపు చాచిన చేయి పేటలో నొక మాట చెప్పును. ఊరినడుమ మరియొక మాట చెప్పును. తెనాలికిని బాపట్లకును నడుమనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు హత్యకు గురియైరి. వారిని ఆ ఊరిలోనే పూడ్చిపెట్టిరి. ఆ చోటు రక్తక్షేత్రమని పేరు పొందెను. ఊరికి దూరమున వారిని సాగనంపియున్నచో ఆ నేల మౌనముగా నుండెడిది. చోటు అర్థమును ఎట్లు మార్చునో కళాశాస్త్రగ్రంథముల కంటె ఆ ప్రజలు మనకు స్పష్టముగా బోధించిరి. కావున కూడలిలో విగ్రహము వలదని నేననుట లేదు. ఏ కూడలి, ఏల ఆ కూడలి అను ప్రశ్నకు సమాధానమున్నచో అదియే తగిన చోటు.

నా ఆక్షేపణ సమాధానము లేని విగ్రహములను గూర్చి. నేడు పెక్కు ఊళ్ల కూడళ్లలో కనబడు దృశ్యము మనకందరకు తెలిసినదే. ఒక ప్రక్క కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, తలపై తీగెలు, వెనుక సినిమా ఫ్లెక్సీలు, చుట్టును ఇనుపకంచె, దండలు వేయుటకై వీపున కంటించిన ఇనుపనిచ్చెన. జయంతికి ఒకనాడు, వర్ధంతికి ఒకనాడు మెడలో దండ పడును. తక్కిన దినములు దుమ్ము. స్వాతంత్ర్యముకొరకు నడచినవాడు, గ్రంథాలయములకొరకు తిరిగినవాడు, రైతుకొరకు పోరాడినవాడు అందరును ఒకే దిమ్మెపై, ఒకే భంగిమలో, ఒకే బంగారురంగులో నిలిచియుందురు. రహదారులు, కాలిబాటలు మొదలైన ప్రజోపయోగస్థలములలో విగ్రహములకు అనుమతి యీయరాదని సుప్రీముకోర్టు 2013 జనవరి 18న ఆదేశించినది. ఆ ఆదేశమునకు హేతువు రాకపోకల సౌకర్యము. కాని విగ్రహముల గౌరవముకొరకైనను మనమే ఆ నియమమును పెట్టుకొనియుండవలసినది.

విజయవాడ స్వరాజ్యమైదానమున 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కరు విగ్రహము 125 అడుగులది. పీఠము 81 అడుగులది. దాని పాదములచుట్టు మైదానమున్నది కనుక ఆ ఎత్తు నిలువగలిగినది. మైదానము లేని కూడలిలో ఆ ఎత్తు ననుకరించుట పొట్టిగోడపై పెద్దకప్పు వేయుట వంటిది.

ఇక పదార్థమును గూర్చి ఒక మాట. మన ప్రాంతపు చుట్టుపట్లలో కంటికి కనబడనిది ఉప్పుగాలి. సిమెంటు విగ్రహములో ఇనుపచువ్వలు వేసి కట్టుదురు. సముద్రపుగాలిలోని ఉప్పు తేమతో కలిసి సిమెంటులోనికి దిగును, చువ్వ త్రుప్పుపట్టును, త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును, అంతట సిమెంటు పగులును. మొదట వ్రేళ్లు, తరువాత చేయి, కొన్నియేండ్లకు మొగము. రంగు పూసి పగులును కప్పవచ్చును గాని ఆపజాలము. గట్టి సిమెంటు, చువ్వపై తగినంత మందము, నీరు నిలువని మడతలు, ఇవి సముద్రతీరపు విగ్రహమునకు ఆయుర్దాయము. తెనాలిలో శిల్పశాలలున్నవి, తుక్కు ఇనుముతో మహావిగ్రహములను చేసి దేశమున పేరుగాంచిన చేతులున్నవి. ఆ చేతులకు మనమిచ్చుచున్న ఉత్తర్వేమి? ఫలానివారి విగ్రహము, ఇన్ని అడుగులు, ఫలాని తేదీకి కావలెను. అది నిలువబోవు నేలను ఒకసారి చూచి పొమ్మని శిల్పిని పిలిచినవారెందరు? పెండ్లికొడుకు కొలతలు చూడక కుట్టిన అంగీ ఎట్లుండునో, చోటు చూడక చేసిన విగ్రహమట్లుండును.

కావున నా సూచన లివి. విగ్రహమునకు చందా వసూలు చేయకముందే చోటును నిర్ణయింపుడు. ఆ చోటికి శిల్పిని పిలిచి ప్రొద్దుట, మధ్యాహ్నము, సాయంకాలము మూడు పూటలును నిలువబెట్టుడు. వెదురుగడలతో విగ్రహపు ఎత్తును కట్టి, గుడ్డ కప్పి, ఒక వారము చూడుడు; పెద్ద వ్యయమేమియు లేదు. చుట్టునున్న ఇండ్లవారిని, అంగళ్లవారిని అడుగుడు. సాధ్యమైనచో ఒక చెట్టును, నలుగురు కూర్చుండు అరుగును కూడ కట్టుడు. నీడలో కూర్చున్నవాడు విగ్రహమును నిజముగా చూచును. ఆ మనిషికి సంబంధించిన చోటు ఊరిలో ఏదైన నున్నచో, అది కూడలి కాకపోయినను, అచ్చటనే నిలుపుడు. కాలువ త్రవ్వించినవానికి కాలువగట్టు, పుస్తకములు పంచినవానికి గ్రంథాలయపు వాకిలి, చదువు చెప్పినవానికి బడి ఆవరణము. గోదావరిసీమ రైతులు కాటను దొర విగ్రహములను నిలుపుకొన్నారు. కాలువనీటిని చూచుచు నిలిచిన కాటనునకు శిలాఫలకముతో పనియేమి?

ఉపాధ్యాయులు ఈ పనిలో మొదటివారు కావలెనని నా కోరిక. మన పాఠశాలలలోను విగ్రహములు వెలయుచున్నవి. వానిని పాఠముగా మార్చుట సులభము. విద్యార్థులను వరుసగా కూర్చుండబెట్టి ఊరి విగ్రహము బొమ్మ గీయుమనుటకు బదులు, దాని చుట్టును ముప్పది అడుగులలో నున్న వస్తువులన్నిటిని వ్రాయుమనుడు. అది ఏ దిక్కును చూచుచున్నదో, ఏ వేళ మొగముపై ఎండ పడునో గమనింపుమనుడు. దానిని ఆ చోటనే ఏల నిలిపిరో ఊరిపెద్దల నడిగి రమ్మనుడు. భూగోళము, చరిత్ర, చిత్రలేఖనము మూడును ఒకే ఉదయమున కలిసివచ్చును. మరియొకనాడు భట్టిప్రోలు తీసికొనిపొండు. రేపల్లెనుండి ఎంత దూరము! ఆ ఇటుకలచుట్టు ఒక్కసారి ప్రదక్షిణము చేయించి, ఇచ్చట నుండిన చలువరాళ్లేమైనవని వారినే అడుగనిండు.

అట్లు అడుగ నేర్చిన బాలుడు రేపు పురపాలకసంఘమున సభ్యుడగును, ఇంజనీరగును, చందాలు పోగుచేయు సంఘమునకు కార్యదర్శి యగును. అప్పుడు ఊరిలో కొత్త విగ్రహపు ప్రస్తావన వచ్చినపుడు, ఎన్ని అడుగులని ఎవరో అడుగుదురు. అతడు లేచి, అది దేనిని చూచునని అడుగును. ఆ ఒక్క ప్రశ్న సభలో వినబడిననాడు మన కూడళ్ల రూపము మారుట మొదలగును.